అకాజా ఏడిపించాడు, జోకర్ ఎందుకు ఏడిపించడు?

మూడోవరుస:
ముందే హెచ్చరిక. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ అనే జపాన్ యానిమే (బొమ్మల సినిమా) చూడనివారు ఇక్కడితో ఆగిపోండి, కథంతా బయటపెడుతున్నాను.

2025 సెప్టెంబరులో ఈ సినిమా మన దేశంలో తెలుగు మాటలతో కూడా విడుదలైంది. అకాజా ఎవరో తెలిసినవారికి చెప్పక్కర్లేదు. ఇదే కథలో ముందు వచ్చిన ‘ముగెన్ ట్రైన్’ సినిమాలో రెంగోకు అనే వీరుణ్ని చంపిన రాక్షసుడు. వాడు ఎప్పుడు చస్తాడా అని హాలంతా కాచుకుని ఉంది. తీరా తల తెగాక వాడు మనిషిగా బతికిన రోజుల కథ మొదలైంది. జబ్బుపడ్డ తండ్రికి మందు కొనడానికి జేబులు కొట్టే పిల్లవాడు. కొడుకు దొంగ కావడం చూడలేక ఆ తండ్రి ఉరివేసుకుంటాడు. తర్వాత ఒక గురువు చేరదీస్తాడు. మంచం పట్టిన ఆయన కూతురు కొయుకికి వీడు సేవ చేస్తాడు, ఆ అమ్మాయి కోలుకుంటుంది, పెళ్లి నిశ్చయమవుతుంది. అప్పుడు పక్క శిక్షణశాల వాళ్లు బావిలో విషం కలిపి తండ్రినీ కూతురినీ చంపేస్తారు. ఇదంతా గుర్తుకు వచ్చాక, తెగిన తల మళ్లీ మొలిచే దశలో ఉండగా, అకాజా తన మీద తానే దెబ్బ వేసుకుని ఆగిపోతాడు. హీరో గెలిచాడని చెప్పడానికి లేదు. రాక్షసుడే ఇక చాలనుకున్నాడు.

ఇక నా ప్రశ్న. బ్యాట్‌మ్యాన్ కథల్లో శత్రువు జోకర్ 1940 నుంచి ఉన్నాడు. ఎనభై అయిదేళ్లుగా చేసేది ఒకటే: మనుషులను చంపడం, పట్టుబడటం, ఆర్ఖం అనే పిచ్చాసుపత్రిలో పడటం, పారిపోవడం. బ్యాట్‌మ్యాన్ అంటే నాకు ఇష్టమే. కానీ ఆ కథల్లో ఎవరు చచ్చినా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అమెరికా రచయితలకు శత్రువు గుండె తెరవడం చేతకాదా, లేక అక్కరలేదా?

పాతట్రంకు:
చేతకాదని ఎవరన్నారండీ? 1992లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’లో ‘హార్ట్ ఆఫ్ ఐస్’ అనే ఎపిసోడ్ చూసి అప్పుడు మాట్లాడదాం. మిస్టర్ ఫ్రీజ్ 1959లో మిస్టర్ జీరో అనే పేరుతో పుట్టిన పాత్ర. మంచు తుపాకీ పట్టుకుని దొంగతనాలు చేసేవాడు, అంతకు మించి ఏమీ లేదు. పాల్ డీని ఆ ఎపిసోడ్‌లో వాడికి నోరా అనే భార్యను ఇచ్చాడు. నయంకాని జబ్బు. మందు దొరికేదాకా ఆమెను మంచు పెట్టెలో భద్రపరుస్తాడు. సంస్థ యజమాని ఖర్చు దండగని ఆ ప్రయోగాన్ని ఆపించేస్తాడు. ఆ గొడవలోనే ఫ్రీజ్ ఒళ్లు మంచు తప్ప మరేదీ ఓర్చలేనిదిగా మారిపోతుంది. చివరకు జైలు గదిలో, గాజుబుడ్డిలో తిరిగే నాట్యగత్తె బొమ్మను చూస్తూ మాట్లాడుకుంటాడు. మొత్తం 22 నిమిషాలు. రచనకు డేటైమ్ ఎమ్మీ వచ్చింది. అకాజా కథకు ఏ విధంగా తీసిపోయిందో చెప్పండి.

ఇంకో సంగతి. ఆ సిరీస్ నేపథ్య చిత్రాలను నల్ల కాగితం మీద వేశారు. తెల్ల కాగితం మీద చీకటి పులమడం కాకుండా, చీకట్లోంచి వెలుతురు తీయడం అన్నమాట. అందులో కొన్ని ఎపిసోడ్లకు బొమ్మలు వేసింది జపాన్ స్టూడియోలే.

కాగితంపులి:
పాతట్రంకు గారు ఇచ్చిన ఉదాహరణే మూడోవరుస గారి పక్షాన సాక్ష్యం చెబుతుంది. ఫ్రీజ్ కథ అక్కడితో ఆగలేదు కదా. ఆ ఎపిసోడ్ ఎంత బాగుందంటే కామిక్స్ కూడా నోరా కథనే స్వీకరించాయి. ఇరవై ఏళ్లు గడిచాయి. 2012లో స్కాట్ స్నైడర్ రాసిన బ్యాట్‌మ్యాన్ వార్షిక సంచికలో నోరా అసలు ఫ్రీజ్ భార్యే కాదన్నారు. ఆమె ఎన్నో దశాబ్దాల కిందట మంచు పెట్టెలో పెట్టిన పరాయి స్త్రీ అట, ఇతను పిచ్చి ప్రేమతో భార్య అనుకున్నాడట. తర్వాత ఇంకొకరు వచ్చి దాన్ని మళ్లీ మార్చి నోరాను భార్యను చేశారు.

పాఠకుడు కన్నీళ్లు పెట్టుకున్న గతాన్ని కొత్త రచయిత ఒక్క సంచికలో కొట్టేయగలడు. స్నైడర్ తప్పేమీ లేదు, ఆయనకు అప్పగించిన పని ఆయన చేశాడు. ఫ్రీజ్ ఈ కామిక్స్ వేసే డీసీ కంపెనీ ఆస్తి, డీనీ ఆస్తి కాదు. మొదటి నుంచీ అక్కడ ఇదే పద్ధతి. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ 1938లో 130 డాలర్లకు హక్కులన్నీ రాసిచ్చారు. ముసలితనంలో పత్రికల్లో గొడవ జరిగాక 1975లో కంపెనీ వాళ్లకు పింఛను ఇచ్చి, పేర్లు మళ్లీ వేసింది. పాత్ర యజమాని కంపెనీ అయినప్పుడు కథ ముగియడమంటే ఆస్తి చేజారడమే. ఏ యజమాని ఒప్పుకుంటాడు?

‘డీమన్ స్లేయర్’ మాంగా, అంటే సినిమాకు మూలమైన జపాన్ కామిక్, కొయొహరు గొతోగెది. 2016లో మొదలుపెట్టి 2020లో ముగించారు. అప్పటికి అది అమ్మకాల్లో శిఖరం మీద ఉంది. అయినా ముగించారు. అకాజా మరణానికి బరువు ఎక్కడిదంటే, వాడు తిరిగి రాడని మనకు తెలుసు.

ఎండాకాలంసెలవులు:
అయితే డోరేమాన్ సంగతి ఏమిటి? నోబితా నా చిన్నప్పుడూ సున్నా మార్కులే తెచ్చుకునేవాడు, ఇప్పుడు మా అమ్మాయి చూస్తున్నా అంతే. అతన్ని గీసిన ఫుజికో ఎఫ్ ఫుజియో 1996లోనే పోయారు. షిన్‌చాన్ గీసిన యోషితో ఉసుయి 2009లో పోయారు. ‘సజాయె-సాన్’ 1969 నుంచి టీవీలో వస్తూనే ఉంది, ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క ఏడు కూడా పెరగలేదు. జపాన్ కథలన్నీ ముగుస్తాయని ఎవరు చెప్పారు మీకు?

తూనికరాయి:
హమ్మయ్య, ఒకరైనా అడిగారు. యానిమే భక్తులకు నావి మరికొన్ని ప్రశ్నలు.

‘డ్రాగన్‌బాల్ జీ’లో ఫ్రీజా అనే శత్రువు ‘అయిదు నిమిషాల్లో ఈ గ్రహం పేలిపోతుంది’ అంటాడు. ఆ అయిదు నిమిషాలు ఎన్ని వారాలు నడిచాయో చూసినవాళ్లకు తెలుసు. మాంగా కన్నా యానిమే ముందుకు పోకూడదని గుడ్లురిమి చూసుకోవడాలు, మేఘాలు, మళ్లీ గుడ్లురిమి చూసుకోవడాలు. ‘నరుటో’ మొదటి సిరీస్ 220 ఎపిసోడ్లు, అందులో చివరి భాగం దాదాపు అంతా మాంగాలో లేని అతుకుడు కథలే. ప్రతి దెబ్బకూ పేరు పెట్టి, కొట్టేముందు ఆ పేరు అరిచి చెప్పడం దేనికి? శత్రువుకు వినపడితే తప్పుకోడా?

ఇక అకాజా గతం. నాకూ నచ్చింది. కానీ పోరాటం పతాక స్థాయిలో ఉన్నప్పుడు కథ ఆపి అంతసేపు వెనక్కి వెళ్లడం ఏ శిల్పం? ముందే కొంత తెలిస్తే ఆ పోరాటంలో ప్రతి దెబ్బా మనకూ తగిలేది. చచ్చేముందు ప్రతి రాక్షసుడికీ ఒక ఏడుపు కథ కేటాయించడం ఆ సిరీస్‌లో మొదటి నుంచీ ఉన్న అలవాటు. మూడోసారికే మనకు తెలిసిపోతుంది, తల తెగింది కాబట్టి ఇక అమ్మ కనిపిస్తుందని.

కాగితంపులి:
సెలవుల గారికి ముందు. డోరేమాన్, సజాయె-సాన్ రోజువారీ ఇంటి కథలు. వాటిలో కాలం కదలకపోవడమే షరతు, పాఠకుడు అందుకు ఒప్పుకునే కూర్చుంటాడు. సూపర్‌మ్యాన్‌తో వచ్చిన చిక్కు వేరు. కాలం కదులుతోందని నమ్మిస్తారు, పెళ్లిళ్లు చేస్తారు, చంపుతారు, ఆ తర్వాత అన్నీ వెనక్కి తిప్పుతారు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్‌ను చంపి లక్షల ప్రతులు అమ్మారు. మరుసటి ఏడాదికల్లా లేచి వచ్చాడు.

ఇంతకన్నా ముచ్చటైనది జేసన్ టాడ్ ఉదంతం. ఇతను రెండో రాబిన్, అంటే బ్యాట్‌మ్యాన్ వెంట ఉండే కుర్ర సహాయకుడు. పాఠకులకు నచ్చలేదు. 1988లో డీసీ రెండు ఫోన్ నంబర్లు ఇచ్చి, ఒకటి బతకాలి, రెండోది చావాలి అని ఓటు వేయమంది. చావాలన్నవి 5,343, బతకాలన్నవి 5,271. అంటే 72 ఓట్ల తేడాతో ఒక కుర్రవాణ్ని చంపారు. 2005లో అతనూ రెడ్ హుడ్ పేరుతో తిరిగి వచ్చాడు. పాఠకులు డబ్బు కట్టి ఫోన్ చేసి వేసిన ఓటు కూడా చెల్లకుండా పోయింది!

జపాన్‌లోనూ ఓట్లున్నాయి, అవి ఇంకా కర్కశం. ‘వీక్లీ షోనెన్ జంప్’ వారపత్రికలో పోస్టుకార్డు పెట్టేవారు. ఆ వారం నచ్చిన కథలేవో పిల్లలు రాసి పంపాలి. వెనకబడిన కథను కొన్ని వారాల్లోనే ఆపేస్తారు, కథ మధ్యలో ఉన్నా సరే. 1994 చివర ఆ పత్రిక 65 లక్షల 30 వేల ప్రతులు అచ్చయ్యేది. కొత్త రచయితకు దొరికేది వారానికి 19 పేజీల చోటు, తలమీద కత్తి. అందుకే మొదటి అధ్యాయంలోనే హీరో కోరిక ఏమిటో చెప్పేస్తారు: సముద్రపు దొంగల రాజునవుతాను, హొకాగెను (ఊరి నాయకుణ్ని) అవుతాను. కోరిక చెప్పారంటే అది తీరడమో తీరకపోవడమో ఒక రోజు చూపించాలి. ముగింపు మొదటి పేజీలోనే అప్పుగా రాసుకున్నట్టు. అమెరికా సూపర్‌హీరోకు తీరే కోరిక ఉండదు, చేయాల్సిన డ్యూటీ ఉంటుంది. డ్యూటీకి చివరి రోజు ఉండదు.

తూనికరాయి గారూ, ఆ పేర్లు అరవడం నాకూ నచ్చదు.

లైట్‌బాక్స్:
హైదరాబాదులో టూడీ యానిమేటర్‌ని. హక్కుల లెక్క మీరు చూసుకోండి, బల్ల దగ్గర కనిపించేది నేను చెబుతాను.

అమెరికా ఎపిసోడ్ మా దగ్గరికి వచ్చిందంటే ముందు వచ్చేది గొంతు. నటులు మాటలు రికార్డు చేసేసి ఉంటారు. ఆ మాటలను శబ్దం శబ్దంగా విడగొట్టి, ఏ ఫ్రేములో ఏ శబ్దమో ఎక్స్‌షీట్ అనే పట్టికలో నింపుతారు. ‘ఓ’ పలికిన చోట నోరు గుండ్రంగా వేయాలి, ‘మ’ దగ్గర పెదవులు కలపాలి. బొమ్మ గొంతు వెంట నడుస్తుంది. మాట ఉన్నంతసేపూ కనుబొమలో, భుజాలో, చేతులో ఏదో ఒకటి ఆడుతూనే ఉండాలి. కదలకుండా నిలబడ్డ పాత్రను పంపితే తప్పు పట్టి వెనక్కి పంపుతారు.

జపాన్‌లో వరస తలకిందులు. ఏ షాటు ఎన్ని సెకన్లో దర్శకుడు స్టోరీబోర్డులోనే రాసేస్తాడు. బొమ్మలు ముందు, గొంతులు తర్వాత. నటులు తెర ముందు నిలబడి చెబుతారు. నోటికి సాధారణంగా మూడే బొమ్మలు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. (1988 నాటి ‘అకిరా’లో మాటలు ముందు రికార్డు చేశారు. పెదవులు గమనించండి, తేడా తెలుస్తుంది.) మాట అంత ముఖ్యం కానప్పుడు మౌనానికి చోటు దొరుకుతుంది. పాత్ర కిటికీలోంచి చూస్తూ ఉంటుంది, నాలుగు సెకన్ల హోల్డ్, జుట్టు మాత్రం కదులుతుంది. దర్శకుడు రాసుకున్న నాలుగు సెకన్లను తగ్గించమనేవాడు లేడు.

ఇది కళాహృదయంతో మొదలైందనుకుంటే పొరపాటు. డబ్బు లేక మొదలైంది. ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ 1963 జనవరి 1న ఫుజి టీవీలో మొదలైంది. వారం వారం అరగంట. ఆయన డిస్నీ సినిమాలంటే ప్రాణం పెట్టేవాడు. ఆయన గీసిన పెద్ద కళ్లకు మూలం కూడా అమెరికా కార్టూన్లే. కానీ డిస్నీ పద్ధతిలో సెకనుకు 12, 24 బొమ్మలు వేస్తే స్టూడియో దివాలా తీస్తుంది. కాబట్టి ఒకే బొమ్మను ఎక్కువసేపు నిలిపారు, నోరు మాత్రం కదిపారు, పాత షాట్లను దాచిపెట్టి మళ్లీ వాడారు. ఇందుకు ఆ రంగంలో ‘బ్యాంకు’ అనే మాట స్థిరపడిపోయింది.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలోనూ ఇదే కరువు. టామ్ అండ్ జెర్రీకి ఏడు ఆస్కార్లు తెచ్చిన హానా, బార్బెరా 1957లో ఎంజీఎం కార్టూన్ విభాగం మూతపడటంతో టీవీకి వచ్చారు. యోగి బేర్ మెడకు కాలరూ టై ఎందుకున్నాయో తెలుసా? తల ఒక్కటే కదిలిస్తే సరిపోవడానికి. ఒళ్లంతా ఒకే బొమ్మ, కాలరు దగ్గర అతుకు కనపడదు. మిగిలిన సమయాన్ని ఎక్కడ పెట్టారన్నదే తేడా. హానా బార్బెరా మాటల మీద పెట్టారు. 1960లో వచ్చిన ‘ఫ్లింట్‌స్టోన్స్’ను కళ్లు మూసుకుని విన్నా నవ్వు వస్తుంది. జపాన్ వాళ్లు షాటు కోణాల మీద, నిలకడ మీద, ఎపిసోడ్ మొత్తంలో దాచుకున్న బొమ్మలన్నీ ఒక్క పోరాటంలో గుప్పించడం మీద పెట్టారు.

2018 ‘స్పైడర్‌మ్యాన్: ఇంటు ది స్పైడర్‌వర్స్’ వాళ్లు ఈ బొమ్మల లెక్కనే కథగా మార్చారు. మొదట్లో కొత్త కుర్రవాడు మైల్స్ టూస్ మీద, అంటే రెండు ఫ్రేములకొక బొమ్మగా కదులుతాడు. పక్కన ఊగే పాత స్పైడర్‌మ్యాన్ పీటర్ ఫ్రేముకొక బొమ్మగా సాఫీగా వెళతాడు. కుర్రవాడికి ఇంకా విద్య పట్టుబడలేదని మనకు తెలియకుండానే తెలిసిపోతుంది. ఇద్దరూ అడవిలో ఊగే ఆ సన్నివేశం ఆపి ఆపి చూడండి.

సన్నజాజి:
ఇంత పెద్ద చర్చలో ఆడపిల్లలు చదివే కథ ఒక్కటీ రాలేదు. నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది.

అమెరికా కామిక్స్ అంటే కండలు తిరిగిన మగవాళ్లేనా? ఒకప్పుడు కాదు. కెప్టెన్ అమెరికాను సృష్టించిన జో సైమన్, జాక్ కర్బీ ఇద్దరే 1947లో ‘యంగ్ రొమాన్స్’ మొదలుపెట్టారు. అది ఎంత అమ్ముడుపోయిందంటే ప్రేమకథల కామిక్స్ ఒక వెల్లువగా వచ్చాయి. నేరకథలు, భయానక కథలు, యుద్ధకథలు, అన్నీ ఉండేవి, పెద్దవాళ్లూ చదివేవారు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని పుస్తకం రాశాడు. అదే ఏడాది సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. బెదిరిన ప్రచురణకర్తలు తమ మెడకు తామే కామిక్స్ కోడ్ అనే నిబంధనల చిట్టా తగిలించుకున్నారు.

మూడోవరుస గారి ప్రశ్నకు జవాబు ఆ కోడ్ మొదటి నిబంధనలోనే ఉంది. నేరస్థుడి మీద సానుభూతి కలిగేలా నేరాన్ని చూపించకూడదు! ఇంకో నిబంధన: ప్రతి సందర్భంలోనూ మంచి చెడు మీద గెలవాలి. పోలీసులనూ న్యాయమూర్తులనూ అగౌరవంగా చూపకూడదు. రక్తపిశాచులు, తోడేలు మనుషులు నిషిద్ధం. అకాజా కథను 1955లో న్యూయార్క్‌లో ఎవరైనా గీసి తీసుకెళ్లి ఉంటే కోడ్ ఆమోద ముద్ర పడేది కాదు, ముద్ర లేని పుస్తకాన్ని చాలా దుకాణాలు పెట్టుకునేవి కావు. 1971లో స్పైడర్‌మ్యాన్ మూడు సంచికలు మత్తుమందుల కథతో ముద్ర లేకుండానే వచ్చాక నిబంధనలు కొంత సడలించారు. స్పైడర్‌మ్యాన్‌ను వేసే మార్వెల్ 2001లో, డీసీ 2011లో కోడ్‌ను పూర్తిగా వదిలేశాయి. అప్పటికి రెండు తరాల పాఠకులు జారిపోయారు.

ఆ కాలంలోనే జపాన్‌లో బాలికల పత్రికలు వేరుగా పెరిగాయి. 1972లో రియోకో ఇకెదా ‘రోజ్ ఆఫ్ వెర్సాయ్’ మొదలుపెట్టి మరుసటి ఏడాది ముగించింది. మగవేషంలో రాజు సైన్యానికి నాయకురాలైన ఆస్కార్ చివరకు ఫ్రెంచి విప్లవంలో ప్రజల పక్షం చేరి, బాస్టీల్ కోట ముట్టడిలో చనిపోతుంది. చదివేది బడి పిల్లలు. వాళ్లు తట్టుకోలేరని ఎవరూ అనుకోలేదు.

లైట్‌బాక్స్ గారి మాటకు చిన్న సవరణ. మౌనమంతా డబ్బు లేక వచ్చిందంటే ఒప్పుకోను. మాంగాలో బొమ్మ వేయడానికి కదలికల ఖర్చు లేదు కదా. అక్కడా చినుకులు, చెప్పులు, కరెంటు తీగలు, ఖాళీ వరండా ఒక్కో గడిలో వస్తాయి, కథ అంగుళం ముందుకు జరగదు. ఒకే చోటును నాలుగు వైపుల నుంచి చూపే ఈ అలవాటు అమెరికా కామిక్స్‌లో కన్నా జపాన్‌లో ఎక్కువని కామిక్స్ మీద పుస్తకం రాసిన స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లోనే గడులు లెక్కపెట్టి చూపించాడు. ‘టొటొరో’ అనే జపాన్ సినిమాలో వానలో బస్సు కోసం నిలబడ్డ దృశ్యం గుర్తు తెచ్చుకోండి. ఆ పెద్ద జంతువు గొడుగు మీద పడే చినుకుల చప్పుడుకు మురిసిపోతుంది. ఆ దృశ్యం మొత్తంలో జరిగేది అదే. డబ్బు లేక ఆపింది కాదది, చూడమని ఆపింది.

ఎడిసన్ అమ్మ:
న్యూజెర్సీ నుంచి. మా అబ్బాయికి పదకొండేళ్లు. ఇక్కడి పిల్లలంతా యానిమే అంటారు, ఏది చూపించవచ్చో నాకు దిక్కు తోచదు. బొమ్మలే కదా అని ఒకటి పెట్టి, పది నిమిషాల్లో టీవీ కట్టేశాను.

సన్నజాజి గారు చెప్పిన కత్తెర ఇక్కడ ఈమధ్య దాకా ఉందండీ. 2004లో ‘వన్ పీస్’ను అమెరికాకు తెచ్చినవాళ్లు సాంజీ నోట్లో సిగరెట్టు తీసేసి లాలీపప్ పెట్టారు. ‘యు-గి-ఓ’లో ఓడినవాడు చచ్చిపోకుండా నీడలోకానికి పోయేవాడు. తుపాకీలు చెరిపేసి ఉత్త వేళ్లు చూపించేవారు. పోకెమాన్‌లో బ్రాక్ అన్నం ముద్ద పట్టుకుని డోనట్ అంటాడు. మా వారు ఆ డోనట్ చూస్తూ పెరిగినవారే, ఇప్పటికీ నవ్వుతారు. తల్లిగా నాకు లాలీపప్ మీద పెద్దగా కోపం లేదు, నిజం చెప్పాలంటే. కానీ చావును మాయం చేసిన కథ పిల్లలకు ఏం మిగులుస్తుందో అర్థం కాదు. ఏది చూపించాలో ఎవరైనా చెప్పండి.

పాతట్రంకు:
అమ్మా, చెబుతాను, కానీ ముందు ఒక మాట. జపాన్ కళ కోసం, అమెరికా వ్యాపారం కోసం అన్న ధోరణి ఇక్కడ కనిపిస్తోంది. రెండు చోట్లా ఆటబొమ్మలమ్మేవాళ్లే పెట్టుబడిదారులు. 1979లో ‘గుండమ్’ అనే జపాన్ రోబో సిరీస్‌ను ప్రేక్షకులు లేక, 52 ఎపిసోడ్లు అనుకున్నది 43కు కుదించారు. మరుసటి ఏడాది బండాయ్ వాళ్ల ప్లాస్టిక్ మోడళ్లు విరగబడి అమ్ముడుపోవడంతో అది బతికి బట్టకట్టింది. ఇక ట్రాన్స్‌ఫార్మర్స్: ఆటబొమ్మలు జపాన్ టకారావి, పేర్లూ కథలూ అమెరికా మార్వెల్ వాళ్లవి, 1984 కార్టూన్‌కు బొమ్మలు వేసింది మళ్లీ జపాన్ టోయే. దీన్ని ఏ దేశపు ఖాతాలో రాస్తారు?

నిజమైన తేడా టీవీ అమ్మకంలో ఉండేది. అమెరికాలో స్థానిక స్టేషన్లకు కార్టూన్ అమ్మాలంటే 65 ఎపిసోడ్లు చేతిలో ఉండాలి. వారానికి 5 చొప్పున 13 వారాలు. ఏ స్టేషను ఏ వరసలో వేస్తుందో తెలియదు, పిల్లవాడు ఏ రోజు చూస్తాడో తెలియదు. కాబట్టి ప్రతి ఎపిసోడ్ చివరా అన్నీ మొదటికి రావాలి. హీరో మారితే చిక్కు. 1985లో ‘రోబోటెక్’ తయారైంది ఈ లెక్కతోనే. జపాన్ సిరీస్ ‘మాక్రోస్’ ఒక్కదానికి అన్ని ఎపిసోడ్లు లేవు. సంబంధం లేని మరి రెండు జపాన్ సిరీస్‌లను దానికి కలిపి, మూడు తరాల కథగా 85 ఎపిసోడ్లు చేశారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ అతుకుల బొంత ఇష్టమే.

ఆ లెక్క సడలగానే అమెరికాలోనూ వరస కథలు వచ్చాయి. 2005 నుంచి 2008 వరకు నికెలోడియన్‌లో వచ్చిన ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ మూడు భాగాలు, 61 ఎపిసోడ్లు. జుకో మొదట శత్రువు. ముఖం మీది కాలిన మచ్చ తండ్రి పెట్టిందని మొదటి భాగం మధ్యలోనే, తాపీగా, తుపాను రాత్రి చెబుతారు. తూనికరాయి గారు అడిగిన శిల్పం ఇదే: ముందే తెలుసు కాబట్టి తర్వాత అతను చేసే ప్రతి తప్పూ మనకు గుచ్చుకుంటుంది. రెండో భాగం చివర మారిపోయాడనుకున్నాక పెదనాన్నను మోసం చేస్తాడు. ఆ రోజు నేను టీవీని తిట్టాను.

తూనికరాయి:
ఆమోదం. ‘అవతార్’ మీద నాకు ఫిర్యాదు లేదు, అది నాకు అపూర్వమైన స్థితి.

కాగితంపులి గారిని ఒకటి అడగాలి. కథ సృష్టికర్తదే కావాలి, ముగింపు ఆయనే రాయాలి అంటున్నారు. మరి మనిషి పోతే? ‘బెర్సెర్క్’ మాంగా గీసిన కెంతారో మియురా 2021లో 54 ఏళ్లకే పోయారు. కథ మధ్యలో ఆగింది. కంపెనీ ఆస్తి అయ్యుంటే మరుసటి నెలే ఇంకొకరు గీసేవారు. వారానికి 19 పేజీలు గీయించి మనుషుల ఆరోగ్యం పాడుచేసే ఆ పద్ధతిని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కాగితంపులి:
పని ఒత్తిడి గురించి మీతో వాదన లేదు. పొగిడింది హక్కును, వారానికి 19 పేజీల గానుగను కాదు.

‘బెర్సెర్క్’ ఆగిపోలేదు. 2022 జూన్ నుంచి మియురా శిష్యుల స్టూడియో గీస్తోంది. ఆయన హైస్కూలు నాటి స్నేహితుడు కోజి మోరి పర్యవేక్షిస్తున్నారు. మియురా ఎప్పుడో ఆయనకు కథ చివరిదాకా చెప్పి ఉన్నారు. తనకు గుర్తున్నది మాత్రమే గీయిస్తానని, సొంతంగా ఏమీ కల్పించనని మోరి పాఠకులకు మాట ఇచ్చారు. ఫ్రీజ్ భార్యను మార్చినంత తేలిగ్గా అక్కడ ఎవరూ ఏదీ మార్చలేరు.

హక్కు చేతిలో ఉంటే అమెరికావాళ్లూ ముగిస్తారు. 1992లో కొందరు పేరున్న చిత్రకారులు మార్వెల్‌ను వదిలి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. గీసినవాడిదే హక్కు. అక్కడే రాబర్ట్ కర్క్‌మన్ ‘ఇన్విన్సిబుల్’ను 144 సంచికలకు ముగించాడు. ‘వాకింగ్ డెడ్’ను 2019లో 193వ సంచికతో, ఎవరికీ చెప్పకుండా ఆపేశాడు. దుకాణాలకు అనుమానం రాకుండా 194, 195 సంచికలకు దొంగ ముఖచిత్రాలు కూడా ప్రకటించారు. కంపెనీ పాత్రతో ఆ పని చేయగలడా?

మూడోవరుస:
కోడ్ నిబంధన చదివాక జోకర్ మీద నా కోపం సగం తగ్గింది. అతన్ని ఏడవనివ్వలేదు, చావనివ్వలేదు, పాపం. కానీ సన్నజాజి గారూ, 2001 తర్వాత ఆ నిబంధన మార్వెల్‌కు లేదు, 2011 తర్వాత డీసీకి లేదు. ఇంకా ఎందుకు చంపరు?

సన్నజాజి:
ఇప్పుడు కోడ్ లేదు, టోపీల మీదా చొక్కాల మీదా జోకర్ బొమ్మ ఉంది. పాత్ర కంపెనీ ఆస్తి అని, జవాబు కాగితంపులి గారు తన మొదటి పోస్టులోనే రాసేశారు.

ఎడిసన్ అమ్మ:
నా ప్రశ్న మరిచిపోయారు అందరూ.

లైట్‌బాక్స్:
క్షమించండి. పదకొండేళ్లకు: ముందు ‘అవతార్’, వరస తప్పకుండా చూపించండి. ‘టొటొరో’ ఎప్పుడైనా సరే. చదివే అలవాటుంటే జెఫ్ స్మిత్ ‘బోన్’ తెప్పించండి. 1991 నుంచి 2004 వరకు 55 సంచికలుగా వచ్చి చక్కగా ముగిసిన అమెరికా కామిక్, ఇప్పుడు ఒకే పెద్ద పుస్తకంగా కూడా దొరుకుతుంది. మొదట నవ్విస్తుంది, పోనుపోను లోతుకు దిగుతుంది.

‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ అని స్నేహితులు చెప్పి ఉంటారు. రెండున్నాయి. 2003 నాటిది మాంగా పూర్తికాకముందే సొంత ముగింపు కల్పించుకుంది. 2009 నాటి ‘బ్రదర్‌హుడ్’ మాంగా రచయిత్రి అరకవా గీసిన ముగింపు దాకా వెళుతుంది, 64 ఎపిసోడ్లు. చూపిస్తే రెండోదే చూపించండి, కానీ ఇంకో రెండు మూడేళ్లు ఆగండి. నాలుగో ఎపిసోడ్‌లో ఒక తండ్రి తన పరిశోధన కోసం కన్నకూతురిని, ఇంటి కుక్కను కలిపి ఒకే జంతువుగా మార్చేస్తాడు. ఆ జంతువు హీరోను పిలుస్తుంది, అన్నయ్యా అని. అది చూసి నేను ఆ రాత్రి భోజనం మానేశాను.

ఎడిసన్ అమ్మ:
వాడు అది స్నేహితుడి ఇంట్లో పోయిన నెలలోనే చూసేశాడట. ఇప్పుడే అడిగాను. ‘బోన్’ ఆర్డరు పెడుతున్నాను.